తాత అడిగే తోక

వియత్నాంలోని నమ్ దిన్‌లో ఆ ఇంట ఖ్వాత్ తాతను తినమని పిలవకుండా ఎవరూ మెతుకు ముట్టరు. "తినండి తాతా" అంటే చాలదు, చివర మర్యాదకు తోకలా 'అ' తగిలించాలి. మరిచారో, ఆయన అన్నం తినే పుల్లలు చాపమీద పెట్టేసి, గడ్డం ఎత్తి, "తోక ఏదీ?" అంటాడు. కోడలైనా అంతే, చారు చల్లారినా అంతే. తనకంటే పెద్దవాళ్ళెవరూ ఇంట్లో లేరు గనక ఆయనకా బాధ లేదు.

ఓ ఆదివారం హనోయి నుంచి ఆయన అక్క లుయెన్ వచ్చింది. తొంభై దాటిన మనిషి. భోజనానికి కూర్చున్నప్పుడు "తిను అక్కా" అని గొణిగి ఆయన గిన్నె ఎత్తాడు.

"తోక ఏదిరా?" అందావిడ.

పిల్లలు నవ్వు మింగారు. ఆయన గిన్నె దించి, చొక్కా పైగుండీ పెట్టుకుని, బడిపిల్లాడిలా, "తిను అక్కా, అ" అన్నాడు. ఆవిడ తలూపింది.

ఎన్నాళ్ళకో తమ్ముడైన ఆయన ఆ పూట మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.