ఎడమవైపు కూర్చున్న అక్క

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా టెక్సస్‌లోని ఇర్వింగ్ హైవే మీద తిరిగే ట్రక్కులన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినంత బరువు. నవ్వకండి. ప్రతిదాన్నీ పెంచి చెప్పడం నా జబ్బు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్లూ తగ్గించే చెప్పాను.

నేను కోర్టుల కోసం పనిచేసే సైకాలజిస్టుని. జైల్లో ఉన్న మనిషికి తన కేసు తనకు అర్థమయ్యేంత మతి స్థిమితం ఉందా లేదా అని పరీక్షించి జడ్జికి రాయాలి. కోవిడ్ వచ్చాక జైలుకి వెళ్లడం మానేసి ఇంట్లోంచే వీడియోలో చూసేవాణ్ణి. పైన కోటు, టై. కింద లుంగీ. నా భయం ఎంతటిదంటే, కొని తెచ్చిన పాల డబ్బాని సబ్బుతో నేను తోమిన తోముడికి లోపలి పాలు కూడా నురగ కక్కాయి. స్క్రీన్‌లో ఎవరైనా దగ్గితే, గదిలో ఒక్కణ్ణే ఉండి మాస్కు పైకి లాక్కున్నాను.

కిరణ్‌ని అలా స్క్రీన్‌లోనే చూశాను. ఇండియా నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాడు. గోడ అవతల తన గురించి గుసగుసలాడుతున్నారని పక్క అపార్ట్‌మెంట్ తలుపు పగలగొట్టాడు. తెలుగు వచ్చినవాణ్ణని నాకు అప్పగించారు.

“జడ్జి ఏం చేస్తారో తెలుసా నాన్నా?”

“తెలుసంకుల్. నేను తప్పు చేశానో లేదో డిసైడ్ చేస్తారు.” ఎడమవైపు తిరిగి, మెల్లగా, “ఉండక్కా, చెప్తున్నా కదా!” అన్నాడు.

“పక్కన గార్డున్నాడా?” అన్నాను.

మళ్లీ ఎడమవైపు చూసి నావైపు తిరిగాడు. “ఆఁ... ఉన్నాడంకుల్. మీరన్నట్టే.”

“ఎవరా అక్క?” అని అడగాల్సింది. మన ఇళ్లలో పెరిగిన పిల్లాడు పెద్దవాళ్లు నోటికందించిన జవాబును కాదంటాడా? ఆ సంగతి తెలిసే అందించానా? టెక్సస్ జైలు గార్డుని తెలుగులో అక్కా అని ఎవరు పిలుస్తారు? అనుమానం ఉందని రాస్తే మళ్లీ చూడాలి, ఈసారి జైలుకే వెళ్లి, వాడి ఎదురుగా కూర్చుని, వాడు వదిలిన గాలి పీల్చి. అందుకే భ్రమలేమీ లేవని, విచారణకు తగిన స్థితిలోనే ఉన్నాడని రాశాను.

కోర్టు నమ్మింది. ఆస్పత్రిలో ఉండాల్సినవాడు మందుల్లేకుండా సెల్‌లో ఉండిపోయాడు. కొన్నాళ్లకు వాడి లాయర్ ఫోన్ చేశాడు. అక్క మాటలు ఆపడం లేదని ఎడమ చెవిలో పెన్సిల్ పొడుచుకున్నాడట. ఇక ఆ చెవి వినపడదట. వాళ్లమ్మకి వాడొక్కడే సంతానమట.

“మీకేమీ కనిపించలేదా డాక్టర్?”

“వీడియోలో ఏం తెలుస్తుందండీ?” అన్నాను.

ఆ తర్వాత, వీడియో పరీక్ష ముఖాముఖికి ఏమాత్రం తీసిపోదని పరిశోధనా వ్యాసం రాసినవాణ్ణీ నేనే. అందులో కిరణ్ కూడా ఒక కేసు, సక్రమంగా తేలినట్టు. కాన్ఫరెన్స్‌లో చప్పట్లు కొట్టారు. పైకప్పు ఎగిరిపోయేలా అనబోయాను. లేదు, మామూలుగానే కొట్టారు.

ఇలా చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరికే సిగ్గుగా ఉంది.

వీడియోలో ఏ లోపమూ లేదు. ముఖం స్పష్టంగా కనిపించింది. “అక్కా” అన్న మాట స్పష్టంగా వినిపించింది. వాడి పక్కన ఎవరూ లేరని ఆ క్షణమే నాకు తెలుసు. భయపడి వెళ్లలేదు. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.