గురక ఆగినప్పుడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేరుశనగ విత్తే రోజుల్లో, నన్ను అనంతపురం వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి కార్డియాలజీ ప్రొఫెసర్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. ప్రొఫెసర్ అనగానే ఏసీ గది, ముందొక బంట్రోతు అనుకుంటారు జనం. మా విభాగంలో నేను, ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇద్దరు జూనియర్ డాక్టర్లు. ఫ్యాను వేస్తే ఈసీజీ కాగితాలు ఎగిరిపోయేవి, ఆపితే మేం ఉడికిపోయేవాళ్లం. ఎక్కువగా ఉడికిపోవడమే ఎంచుకునేవాళ్లం.

ఓబులేసును నేను మొదట చూసింది ఆ ఓపీలోనే. ముదిగుబ్బ దగ్గర పల్లె, యాభై దాటిన గొర్రెల కాపరి. రోజంతా నడిచే మనిషి కాబట్టి పొట్ట లేదు. మెడ మాత్రం పొట్టిగా, లావుగా ఉంది. కింది దవడ కాస్త వెనక్కి పోయినట్టుంది. పక్కన భార్య.

"గుండె దడదడ కొట్టుకుంటాండాది మేడమ్. ఉన్నట్టుండి ఆగినట్లయితాది, మళ్లీ పరిగెత్తుతాది," అన్నాడు.

ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. ఈ జబ్బులో పై గదులు ఒక్కుమ్మడిగా ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతుంటాయి. దాంతో కింది గదుల కొట్టుకోవడానికి ఒక లెక్కా పద్దూ ఉండదు. దడ కంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. ఇదంతా విడమరిచి చెబితే అతను తిరిగి అడిగింది ఒక్కటే.

"నేను మందతో తిరగొచ్చునా, లేదా? అది చెప్పు మేడమ్. తిరక్కూడదంటే వచ్చే సంతకే గొర్రెలన్నీ అమ్మేస్తా."

ఆ మంద ఓబులేసుదీ, అతని బావమరిది లింగప్పదీ కలిపి. రెండు ఇళ్లు దాని మీదే బతుకుతున్నాయి. వైద్యం చేద్దాం, తొందరపడి అమ్మొద్దు అన్నాను. బీపీకి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా మందు రాసిచ్చి, మూడు వారాల తర్వాత కార్డియోవర్షన్ చేశాం. అంటే మత్తు ఇచ్చి, ఛాతీ మీద చిన్న కరెంటు షాక్‌తో గుండెను మళ్లీ దారిలో పెట్టడం. లయ సరిగ్గానే కుదిరింది.

ఇలాంటి రోగుల్లో గురక గురించి అడగడం మా పద్ధతి. సాధారణంగా ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు భార్యలు మొదలుపెడతారు, ఆపడం కష్టం. ఈమె మాత్రం, "నాకేం తెలుసు మేడమ్? ఆయప్ప ఇంట్లో పండుకునేది పండగకో పబ్బానికో," అంది. నిజమే. రాత్రిళ్లు ఎవరో ఒక రైతు పొలంలో మందను ఆపుతారు. గొర్రెల పెంటికలు ఆ పొలానికి ఎరువు. కాపరులు కూడా అక్కడే కంబళి కప్పుకొని పడుకుంటారు. ఏడాదిలో చాలా భాగం ఓబులేసు పడక అదే.

రెండు నెలలు తిరగకుండానే మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే ఈసీజీతో. మాత్రలు మానలేదు. తాగుడు లేదు. థైరాయిడ్ పరీక్ష బాగుంది. ఎకో స్కాన్‌లో గుండె ఎడమ పై గది కొంచెం సాగినట్టుంది. బయట బెంచీ మీద కూర్చున్న మనిషి, పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. పట్టపగలు, ఆ గోలలో, గడ్డం కర్ర మీద ఆనించి నిద్రపోతున్నాడు. ఈసారి లింగప్ప తోడు వచ్చాడు. బక్కపలచని మనిషి, కళ్లు ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి. ఇద్దరిలో రోగి ఎవరో చూడగానే చెప్పడం కష్టం.

రాత్రి ఇతని పక్కన పడుకునేది ఎవరని అడిగాను. నేనే అన్నాడు లింగప్ప. గురక పెడతాడా అని అడిగితే జవాబు ఓబులేసు దగ్గర్నుంచి వచ్చింది, అదీ మీసం మీద చేయి వేసి.

"నా గురక ఉన్న పొలానికి తోడేలు రాదు మేడమ్. మా పక్క ఎవర్నైనా అడుగు. పక్క మందలోళ్లు గూడా నా దగ్గరగానే దొడ్డి కట్టుకుంటారు."

మా ఇంట్లోనూ అంతటి విద్వాంసుడు ఒకాయన ఉన్నారు కానీ, ఆయనకు ఇలాంటి గౌరవం ఇవ్వాలని నాకెప్పుడూ తోచలేదు. నవ్వాపుకొని, నిద్ర పరీక్షకు రాశాను. వార్డులో ఒక రాత్రి పడుకోబెట్టి, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టి శ్వాసనూ ఆక్సిజన్‌నూ నమోదు చేస్తారు. నిద్రలో ఊపిరి గంటకు ముప్పైసార్లు మించి ఆగితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటాం. ఓబులేసు ఆ గీత దాటి చాలా దూరం పోయాడు.

గుండెకూ గురకకూ ఏమిటి సంబంధం అని జూనియర్లు కూడా అడిగేవారు. నిద్రలో గొంతు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఛాతీ మాత్రం గాలి కోసం లోపల్నుంచి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు గుండె పై గదుల పలచటి గోడలు సాగుతాయి. ఆక్సిజన్ పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. పెద్ద గురకతో గాలి లోపలికి పోతుంది, బీపీ ఎగబాకుతుంది, గుండె పరుగు పెడుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు, తెల్లారితే రోగికి ఏమీ గుర్తుండదు. మేం షాక్ ఇచ్చి పగలు సరిచేసిన లయను రాత్రి నిద్ర కూర్చుని చెడగొడుతోంది.

దీనికి సీపాప్ అనే మెషిన్ ఉంది. ముక్కుకు మాస్కు తగిలిస్తే అది గాలిని కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. మందులతో పాటు ఇది వాడితేనే లయ నిలిచే అవకాశం ఎక్కువని చెప్పాను. గురక కూడా పోతుందన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "వద్దు మేడమ్. గురక పోతే తోడేలును ఆపేదెవరు? నువ్వొస్తావా? దీని బదులు గొర్రెలు అమ్ముకునేది మేలు."

పక్షవాతం మాట మళ్లీ ఎత్తాను. వినలేదు. తలుపు దాకా పోయాడు కూడా. అప్పుడు లింగప్ప నోరు విప్పాడు.

"నీ గురకకు తోడేలు ఆగేది లేదు బావా. నీ గురక ఉన్నంతసేపు నేను నిద్రపోతా. అది ఆగినాదంటే నాకు మెలకువ వస్తాది. ఈ మనిషికి ఏమైనాదో అని లేచి కూర్చుంటా. నువ్వు మళ్లీ గుర్రుమనే దాకా చూస్తాంటా. అట్ల లేచినప్పుడే తోడేలు కండ్లబడింది, తరిమినా. నువ్వేమో నీ గురకకు పోయిందనుకుంటివి."

ఈ మాట ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఓబులేసు అడిగాడు.

"చెప్తే నువ్వు మందకు రానంటావని," అన్నాడు లింగప్ప.

ఓబులేసు వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది ముఖం చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నా గుండె సంగతి అట్లుండనీ మేడమ్, వీడు నిద్రపోవల్ల. ఆ మెషిన్ ఏందో ఇయ్యి," అన్నాడు. నా సర్వీసులో వైద్యానికి ఒప్పుకున్న కారణాలు చాలా విన్నాను. ఇంత మంచిది వినలేదు. నాకు కళ్లు చెమర్చాయి. ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను.

ఇక మిగిలింది కరెంటు. ఊపిరితిత్తుల విభాగం వాళ్లు బ్యాటరీతో కూడా నడిచే మెషిన్ ఒకటి ఇప్పించారు. అందులో గాలిని తేమ చేసే నీటి డబ్బా ఒకటి ఉంటుంది, దాన్ని తీసేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పగలు పల్లెలో చార్జింగ్ పెట్టి, సాయంత్రం లింగప్ప మోపెడ్ మీద పొలానికి తెచ్చేవాడు. మొదట్లో మాస్కు చూసి గొర్రెలు బెదిరాయట. మంద మొత్తం ఒక మూలకు చేరిందని, కుక్క కూడా గుర్తుపట్టక మొరిగిందని చెప్పి ఇద్దరూ నవ్వారు. కొన్ని వారాలు క్రమంగా వాడాక రెండోసారి షాక్ ఇచ్చాం.

ఆ లయ నిలిచింది. మెషిన్ ఒక్కటే చేసిందనను. మాత్రలున్నాయి, బీపీ కూడా అదుపులోకి వచ్చింది. రక్తం గడ్డకట్టని మందు మాత్రం ఆపనివ్వలేదు. నేను రిటైరయ్యే ముందు చూసిన చివరి ఈసీజీలో పై గదులు ముడుచుకునే చిన్న గుర్తు ప్రతి గుండె చప్పుడుకు ముందూ బుద్ధిగా నిలబడి ఉంది. మంద అమ్మలేదు.

ఆ రోజు తోడేలు సంగతేమిటని అడిగాను. ఇప్పుడు వంతులు వేసుకున్నామన్నాడు ఓబులేసు. ముందు లింగప్ప మేలుకుంటే, తర్వాత తను. ఇదివరకు కాపలాకు కూర్చున్నా కర్ర మీదే నిద్రపోయేవాడు, ఇప్పుడు తెల్లారేదాకా కూర్చోగలుగుతున్నాడు. లింగప్ప బాగా నిద్రపోతున్నాడా అని అడిగాను.

"పోతాండాడు మేడమ్. వాడూ కొంచెం గురక పెడతాడు. మధ్యలో ఆగుతాదేమో అని పక్కన కూర్చోని విన్నా. ఆగలా."

గుండె లయ తప్పిన రోగి వస్తే నిద్ర గురించి అడగాలన్నది పుస్తకాల్లో ఉంది. ఎవర్ని అడగాలో నాకు ఈ కేసు నేర్పింది. ఊపిరి ఆగిన మనిషికి అది తెలియదు, పక్కన మేలుకున్న మనిషికి తెలుస్తుంది. అప్పట్నుంచి మా ఓపీలో రోగితో పాటు ఆ రెండో మనిషినీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ముందు అతని మాట విన్నాం.