కొత్త కెర్నెలూ, ఆగిన సముద్రమూ

కంప్యూటరున్న గదిలోనికి చెప్పులు విడిచి ప్రవేశించే కాలమొకటి ఉండేదంటే ఈనాటి పిల్లలు నమ్మరు. వాకాడుకు తూర్పున, పాఠం చెబుతూండగా సముద్రపు హోరు కిటికీలోంచి వచ్చి వాక్యానికి అడ్డుపడే ఒక పల్లెబడిలో నేను తెలుగు పండితుడిగా కొత్తగా చేరిననాటికి, ఆ యంత్రానికి జరిగే మర్యాద మాకెవ్వరికీ జరిగేది కాదు. దానికొక ప్రత్యేకమైన గది, మీద పూలు కుట్టిన తెల్లని గుడ్డ (మా ప్రధానోపాధ్యాయిని స్వహస్తాలతో కుట్టినది, ఆమె ఆదివారం ప్రార్థన మందిరంలో బల్లమీద పరచే గుడ్డకు ఇది తోబుట్టువు). నాకప్పటికి అలంకారశాస్త్రం బాగా తలకెక్కి ఉన్నది. లోకంలో పద్యంతో సాధ్యం కానిది లేదనీ, సాధ్యం కాకపోతే అది పద్యం తప్పు కాదు, లోకం తప్పనీ గట్టిగా నమ్మే వయస్సు.

ఆ యేటి వార్షికోత్సవానికి నేనొక పద్యనాటకం రచించాను. తుఫానులో చిక్కిన పడవ, దానిని నడిపే సరంగు, అతని మొర విని శాంతించే సముద్రుడు. స్థూలంగా కథ ఇంతే. అయితే ఉత్సవానికి పందిరీ, దీపాలూ సమకూర్చేవాడు ఊరిపెద్ద. జాలరి కుటుంబాలన్నీ ఆయన మాటమీద నడిచేవి. ఆయన నా నాటకం ప్రతిని తిరగేసి, మళ్లీ నా చేతిలోనే పెట్టి, "పద్యాలు ఇంకా ఎవురింటారు అయ్యవారా? ఈ తూరి రికార్డింగ్ డాన్సు పెట్టుకుందాం," అన్నాడు. నాటకాన్ని ఎట్లాగైనా నిలబెట్టుకోవాలని తొందరపడ్డాను. ఆ తొందరలో, తెరమీద నిజమైన అలలు కదిలిస్తామనీ, అటువంటి నాటకం గూడూరులోనే కాదు, నెల్లూరులో కూడా జరిగి ఉండదనీ వాగ్దానం చేసివేశాను. ఆయన కిటికీలోంచి కనబడుతున్న అసలు సముద్రం వైపొకసారి చూసి, నావైపొకసారి చూసి, "అంత సముద్రం పక్కన పెట్టుకొని గుడ్డమీద సముద్రమేందయ్యా!" అని చాలాసేపు నవ్వాడు. నవ్వు ముగిసిన తరువాత మాత్రం మాట ఖచ్చితంగా చెప్పాడు: "సరే, ఈ ఒక్క తూరి మీ ఇష్టం. జనం మధ్యలో లేసి పోయినారంటే మాత్రం వచ్చే ఏడు నుంచి డాన్సే. మళ్లా పద్యం మాట ఎత్తగూడదు మీరు."

ఆ అలలను సృష్టించినవాడు మా లెక్కల మాస్టారు. బడి అంతా ఆయనను లెక్కలన్న అనేది. ఉచితంగా లభించే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదానిని ఆయన ఆ యంత్రంలో ప్రతిష్ఠించి, దానిలో ఏవో సూత్రాలు రాసి నీలపుటలలను లేపాడు. అవి ప్రొజెక్టరు ద్వారా తెరమీద పడి, విరిగి, నురగలు కక్కుతూంటే, ఆ నురగకు తగిన ఉపమానం దొరకక నేను రెండు పూటలు బాధపడ్డాను.

ఉత్సవం నాటి ఉదయం బడి గోడలకు వేసిన సున్నం ఇంకా ఆరలేదు. లెక్కలన్న యంత్రాన్ని మేల్కొలపగానే తెరమీద ఒక మూల చిన్న ప్రకటన వెలిసింది. పర్యవేక్షణకై వచ్చిన ప్రధానోపాధ్యాయిని కళ్లద్దాలు సవరించుకున్నారు.

"అదేంది, ఏదో అడుగుతా ఉండాది?"

"కొత్త కెర్నెల్ వచ్చిందంటమ్మా. ఇప్పుడొద్దులెండి, నాటకం అయినాక చూసుకుందాం."

"ఏం, ఎందుకొద్దు? గోడలకు సున్నం కొట్టించినాను, పిల్లలకు కొత్త రిబ్బన్లు తెప్పించినాను. పండగ పూట ఇదొక్కటి పాతది తగిలించుకొని కూర్చోవాలా? సరే అను."

ఉత్సవదినాన నవ్యతయే మంగళకరమని నేను కూడా సంస్కృత సమాసాలతో ఆమెను బలపరిచాను. ఇద్దరు పెద్దలను (నన్ను నేను పెద్దలలో లెక్కించుకునేవాణ్ణి) కాదనలేక లెక్కలన్న సరే అన్నాడు. యంత్రం చాలాసేపు గునిసి, కళ్లు మూసుకొని, తిరిగి తెరిచింది. నీలిసముద్రం లేదు. కాటుకవంటి నలుపు, దానిమీద బియ్యం జల్లినట్లు తెల్లని ఇంగ్లీషు అక్షరాలు, చివర కొట్టుకుంటున్న ఒక చిన్న గీత.

"అలలేవి?" అన్నారు ప్రధానోపాధ్యాయిని.

లెక్కలన్న తల పట్టుకొని చెప్పిన విషయాన్ని నేను నా భాషలోనికి ఇట్లా తెచ్చుకున్నాను. యంత్రపు లోపలి కొలువులో కెర్నెల్ రాజు. బొమ్మలు గీసే పనిముట్టుతో రాజుగారు నేరుగా మాట్లాడరు. నడుమ గ్రాఫిక్స్ డ్రైవర్ అనే దుబాసీ ఉండాలి. ఉదయం మేము తెలిసీ తెలియక రాజును మార్చివేశాము. కొత్తరాజు పలుకుబడి పాత దుబాసీకి తెలియదు. తెలిసిన దుబాసీని ఆ పనిముట్టు తయారుచేసినవారు ఇంకా పంపనే లేదు. కాబట్టి రాజు క్షేమమే, పనిముట్టు క్షేమమే, మధ్యవాడికి నోరు పడిపోయింది.

"ఇంకేముంది, అంతా తుడిచిపెట్టి మొదటినుంచి వేసుకోవాల," అన్నాడు లెక్కలన్న. "సాయంత్రానికి కాదు అయ్యవారా. మీ పద్యాలు మీరు పాడుకోండి, అలలు ఉన్నాయనుకోమందాం."

అనుకొమ్మంటే అనుకునే జనమైతే నాకు దిగులెందుకు? నా కళ్లముందు రికార్డింగ్ డాన్సు గజ్జెలు మోగుతున్నవి. ఆయన ఆశ వదలక యంత్రాన్ని ఆర్పి వెలిగిస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ మొదట్లో ఒక పట్టిక రెప్పపాటు మెరిసి మాయమవుతున్నది. ఆయన దానికేసి చూడటమే మానివేశాడు. నేను చూశాను. వ్రాతప్రతులు పక్కపక్కన పెట్టి ఎక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చిందో వెదకటమే నా చదువంతా. పైగా కొత్త ముద్రణ వచ్చిందని పాత ప్రతిని పారవేసిన శిష్యుణ్ణి మా గురువుగారు గడప తొక్కనిచ్చేవారు కారు.

"అన్నా, మళ్లీ ఆర్పు."

"ఎన్నిసార్లు ఆర్పినా అంతే గదయ్యా."

"ఆర్పవయ్యా బాబూ! ఆ పట్టికలో ఒకే మాదిరి పంక్తులు రెండున్నవి. తోకలో అంకె మాత్రం వేరు. అది పాఠాంతరం!"

లెక్కలన్న యంత్రాన్ని ఆర్పి వెలిగించాడు. ఆ తరువాత నుదురు కొట్టుకొని, "పాత కెర్నెల్‌ను అది తీసెయ్యదు గదా! పక్కన పెట్టుకోనే ఉంటాది గదా! కంగారులో మతి పోయింది నాకు!" అంటూ, పట్టిక మెరిసినంతలో బాణపు గుర్తున్న మీట నొక్కి కింది పంక్తిని పట్టాడు. పాతరాజు సింహాసనమెక్కాడు. దుబాసీకి నోరు వచ్చింది. సముద్రం లేచింది. ప్రధానోపాధ్యాయిని "దేవునికి స్తోత్రం!" అన్నారు, నేను ఆ గదిలోనే ఒక ఆశువు చెప్పాను (ఎవరూ వినలేదు).

పొద్దు గుంకగానే నాటకం మొదలైంది. ముందు వరుసల జాలర్లు అలలను కళాఖండంగా కాక, సాటివాడి పనిలాగా పరిశీలించారు. "ఆ అల యాడ విరగాల్నో ఆడ విరగలేదబ్బా," "తూర్పుగాలికి అట్ట లేస్తాదా యాడన్నా?" అన్న విమర్శలు వేదికదాకా వినిపించినవి. అయినా ఎవరూ లేవలేదు. సరంగు వేషం మా డ్రిల్లు మాస్టారిది. నేను సముద్రుణ్ణి: ప్రధానోపాధ్యాయిని నీలిచీర, దూదిగడ్డం, మోచేతులదాకా అట్టకంకణాలు. సరంగు నన్ను పిలుస్తూ "కడలిరాజా!" అని పద్యం ఎత్తుగడ అందుకున్నాడో లేదో, కరెంటు పోయింది. లెక్కలన్న పెరట్లోకి పరుగెత్తి జనరేటరు తాడు లాగాడు. దీపాలూ మైకూ వచ్చినవి. యంత్రం కూడా తనంతట తాను లేచింది; లేచి, తన ఇష్టప్రకారం కొత్తరాజునే కూర్చోబెట్టింది. సరంగు వెనుక, సముద్రముండవలసినచోట, ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరినవి.

లెక్కలన్న ఇంకా జనరేటరు దగ్గరే ఉన్నాడు. ఇక నేనే దిక్కు. చీర కుచ్చెళ్లు పట్టుకొని తెరవెనుక యంత్రాన్ని ఉంచిన బల్లమీదికి ఉరికాను. యంత్రాన్ని ఆర్పి వెలిగించాను. పట్టిక మెరిసింది. మీట నొక్కబోతే కంకణం అడ్డుపడి, గడ్డం ఊడి అక్షరాల పలకమీద పడింది, పట్టిక మాయం. మళ్లీ ఆర్పాను. అంతసేపూ వేదికమీద డ్రిల్లు మాస్టారు ఏం చేస్తున్నాడయ్యా అంటే, "కడలిరాజా"లోని చివరి దీర్ఘాన్ని పట్టుకొని వేలాడుతున్నాడు. రాగం పైకెక్కింది, కిందికి దిగింది, తీరం వెంబడి నడిచింది. ఊపిరి చాలక ఆపబోయేసరికి జనంలోంచి "ఒన్స్ మోర్!" అన్న కేక లేచింది. ఆయన మొదటినుంచీ అందుకున్నాడు. కంకణాలు పీకి అవతల పారవేసి, ఈసారి బాణాన్ని గురిగా నొక్కాను. సరిగ్గా ఆయన రాగాన్ని దించి నిలిపిన క్షణాన ఆయన వీపువెనుక నీలిసముద్రం ఒక్క ఉరుకున లేచి నిలిచింది. పందిరి దద్దరిల్లేట్లు చప్పట్లు! నేను గడ్డం చేతబట్టుకొని, రొప్పుతూ ప్రవేశించి, సభకు మూడువైపులా వంగి నమస్కరించాను.

ముగింపుదాకా ఒక్క ప్రాణి కదలలేదు. ఊరిపెద్ద వేదికమీదికి వచ్చి నా భుజం తట్టాడు.

"మధ్యలో అలలు ఆగినందుకు మన్నించాలి," అన్నాను.

"అలలు ఆగినాయా? ఎప్పుడు?" అన్నాడాయన. "ఆ రాగానికి కండ్లు మూసుకోనుంటి, సామీ. అలలదేముంది, తెల్లారిలేస్తే అయ్యే గదా మాకు. వచ్చే ఏడు గూడా పద్యమే. డ్రిల్లయ్యకు ఇంకో నాలుగు ఎక్కువ రాయండి."

లెక్కలన్న ముఖం కొంచెం వాడింది గాని, మరుసటి ఏడు ఆయనే నాచేత మరింత పెద్ద తుఫాను రాయించాడు. నేను బదిలీ అయ్యేదాకా ఆ పందిట్లో పద్యమే నిలిచింది. తరువాత కూడా కొన్నేళ్లు నిలిచిందని విన్నాను. ఇప్పటి యంత్రాలలో రాజు మారినప్పుడల్లా దుబాసీని దానంతటదే సిద్ధం చేసుకునే ఏర్పాటు వచ్చిందట, సంతోషం. ఆ చప్పట్లు తనవేననుకొని, ఊడిన గడ్డంతో మూడువైపులా వంగిన ఆ నీలిచీర సముద్రుణ్ణి తలచుకున్నప్పుడల్లా, అవి నీవి కావోయ్ అని చెవిలో చెప్పాలని నోటిదాకా వస్తుంది. కానీ, ఎంత ఆనందంగా వంగుతున్నాడో చూసి, వంగనీలే అని ఊరుకుంటాను.