నీలగిరి చెట్టు ఎత్తు కోసం హిందూపురం దాకా

ధర్మవరం శివార్లలో మా చేను గట్టున పెద్ద నీలగిరి చెట్టు ఒకటి ఉండేది. దానికి ఇరవై ఒక్క మీటర్ల దూరంలో పక్క చేను రామలక్ష్మి గొర్రెల దొడ్డి. గాలి వీచినప్పుడల్లా ఆమె "అక్కా, అది పడితే నా గొర్రెలు మిగలవు, కొట్టించు" అనేది. "అంత దూరం రాదులే" అని రెండేళ్లు దాటవేశాను. మొన్నటి గాలికి చెట్టు మొదట్లో మట్టి పగుళ్లిచ్చింది. ఇక లాభం లేదని, ఎత్తు కొలిచే లేజర్ మీటరు కొనడానికి ఉదయం ఏడింటికి రైలెక్కాను.

హిందూపురం చేరడానికి గంటన్నర పట్టింది. స్టేషన్ నుంచి ఆటోకు ముప్పై రూపాయలు. సర్వే సామాన్లు, తాళ్లు అమ్మే దుకాణంలో రెండు రకాల లేజర్ మీటర్లు నా ముందు పెట్టారు. వీధికి అవతలున్న కొబ్బరి చెట్టు కొసకు గురిపెడితే మొదటిది ఇరవై ఆరు మీటర్లు చూపింది, రెండోది పద్నాలుగు. మళ్లీ నొక్కితే ఆ రెండోదే ఎనిమిది అంది. ఏది నిజమని యజమానిని అడిగాను.

"రెండూ బాగా అమ్ముడుపోతాండాయి మేడమ్. ఎవరూ వాపసు తేలేదు" అన్నాడు. నా అయోమయం ఇంకా పెరిగింది.

తాడు కొనడానికి వచ్చిన నాగప్ప మా మాటలు విన్నాడు. ఆయన చెట్లు కొట్టే మేస్త్రీ. "ఈ పొద్దు పెనుకొండలో కొబ్బరి చెట్టు ఎక్కాల. పైనుంచి టేపు వదుల్తా. రెండూ తీసుకొని రాండమ్మా, తేలిపోతాది" అన్నాడు. వద్దనుకున్నది నాగప్ప చేతికిస్తే చాలని యజమాని ఒప్పుకున్నాడు.

బస్సులో సుమారు గంట. పెనుకొండలో నాగప్ప వదిలిన టేపు పదిహేడున్నర చూపింది. మొదటి మీటరు ఇరవై నాలుగు అంది. రెండోది మొదలుకు ఒకసారి, కొసకు ఒకసారి నొక్కితే పదిహేడున్నరకు కాస్త తక్కువ చెప్పింది. నాలుగడుగులు పక్కకు జరిగి నొక్కితే మళ్లీ తొమ్మిది!

"మీ ముందర వేపకొమ్మ ఉండాది చూడండమ్మా! దాన్ని కొలుస్తాండారు" అని నాగప్ప పైనుంచి అరిచాడు. దిగాక మొదటి మీటరు సంగతీ చెప్పాడు. "అది మీ కంటికాడ నుంచి కొసకుండే దూరం చెప్తాంది. చెట్టు ఎత్తు కాదు."

రెండోది ఉంచుకొని, దాని డబ్బూ మొదటి మీటరూ నాగప్ప చేతికిచ్చి, సాయంత్రం ఐదున్నరకు చేను చేరాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఇరవై నాలుగే. దొడ్డి ఉన్నది ఇరవై ఒక్క మీటర్లలోనే.

"ఎంతుండాది అక్కా?" అంది రామలక్ష్మి.

"నీ దొడ్డి మీదికే వస్తుంది. తప్పు నాదే" అన్నాను.

ఆమె గొర్రెల్ని బయటికి తోలడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి తడిక పట్టుకున్నాను. మర్నాడు నాగప్ప వచ్చి, తాళ్లు కట్టి చెట్టును మా చేనువైపే పడగొట్టాడు.

ఆ రోజంతా యంత్రాల మీద అనుమానపడ్డాను. నా కంటి అంచనాను మాత్రం రెండేళ్లలో ఒక్కసారీ అనుమానించలేదు. మీరు కొనబోతే, మొదలుకూ కొసకూ విడిగా గురిపెట్టి ఎత్తు చెప్పే మీటరే అడగండి. డబ్బులిచ్చే ముందు, ఎత్తు తెలిసిన గోడనో స్తంభాన్నో దానితో కొలిచి చూడండి.