ఎండలో దాచిన మందు

అరవై మీటర్ల ఎత్తున, నాలుగు వైపులా అద్దాలున్న క్రేన్ గదిలో, మబ్బులకు పొరుగువాడిలా అతను కూర్చునేవాడు. కట్టడం పనివాళ్లు అతన్ని ‘గద్ద’ అనేవాళ్లు. ఎంత పెద్ద ఇనుప మోపునైనా కోడిగుడ్డును దించినట్టు దించుతాడని పేరు. పొద్దున నిచ్చెనెక్కితే మధ్యాహ్నం దాకా దిగకపోవడం క్రేన్ నడిపేవాళ్ల పద్ధతి. ఆ పద్ధతే అతని మెడకు ఉరితాడైంది. కడుపులో కుడివైపు కింద మెలిపెట్టే నొప్పి, ఆపుకోలేని విరేచనాలు మొదలై రెండేళ్లయింది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఎక్కేవాడు.

“ఏం బావా, పైన గాలి భోంచేస్తున్నావా?” కింద నుంచి రేడియోలో సూచనలిచ్చే బావమరిది ఆటపట్టించేవాడు. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఇంట్లో చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తే, జబ్బు పేరు క్రోన్స్ అని డాక్టరమ్మ చెప్పింది. అందరి పేగుల్లోనూ ఉండే మామూలు సూక్ష్మజీవులనే అతని రోగనిరోధక కణాలు శత్రువులనుకుంటున్నాయట. ఒక కణం కేకేస్తే పది వస్తాయి. వచ్చినవీ కేకలేస్తాయి. ‘ఇక చాలు’ అన్న కబురు మాత్రం వాటి చెవిన పడదు. ఆ ఆగని పోరులో పేగు గోడ వాచి, పుండ్లు పడి, మానిన చోట మచ్చకట్టి ఇరుకవుతుంది. అతనికి వెంటనే అర్థమైంది. కింద ఆపమంటున్నా వినిపించక, బరువును ఎత్తుతూనే పోయే క్రేన్! రెండు వారాలకోసారి తొడకు వేసుకునే సూది ఆ కేకల్లో ఒకదాని నోరు నొక్కుతుంది. ఫ్రిజ్‌లోనే ఉంచాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

ఇంట్లో ఫ్రిజ్ భార్య ఏలుబడిలో ఉంటుంది. సూది కనిపిస్తే అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆ మాట విని ఆమె ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం అతనికి లేదు. అందుకని సూదుల డబ్బాను క్రేన్ గదిలో, సీటు వెనక దాచాడు. అక్కడికి మరో మనిషి ఎక్కడు. ఎండ మాత్రం అద్దాల్లోంచి దిగి, రోజంతా ఆ డబ్బాను నిమిరేది. నాలుగు నెలలు తప్పకుండా ఆ సూదులే వేసుకున్నాడు. జబ్బు ముదిరింది.

ఒక ఉదయం కాంక్రీటు దిమ్మె గాలిలో ఉండగా కడుపు మాట వినలేదు. చేతులు లీవర్ల మీదే ఉన్నాయి. అంగుళం తేడా రాకుండా దిమ్మెను దించాకే అతను తనను తాను చూసుకున్నాడు.

“బావా, కొక్కెం ఖాళీ. ఎత్తు… నిద్రపోయావా?”

“నువ్వొక్కడివే పైకి రా. ఒక ప్యాంటు తీసుకురా.”

“ఎవరిది?”

“ఎవరిదైనా.”

బావమరిది ఎక్కి వచ్చాడు. ప్యాంటు లోపలికి అందించి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఎగతాళి చేసినా బాగుండేదనిపించింది.

“అక్కకి చెప్తాను బావా,” అన్నాడు చివరికి.

మర్నాడు భార్య కూడా ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మ స్కాన్ చూసి నిట్టూర్చింది.

“మందు పనిచేస్తున్నట్టు లేదు. పేగు ముక్క కోసి తీసేయాల్సి రావచ్చు. సూదులు ఫ్రిజ్‌లోనే పెడుతున్నారు కదా?”

ఊ అంటే చాలు. ఒక్క క్షణం పాటు, కోతే నయమనిపించింది. మత్తిచ్చి కోస్తారు. మెలకువగా ఉండి నోరు విప్పక్కర్లేదు.

“లేదండీ,” అన్నాడు నేల చూస్తూ. “క్రేన్ గదిలో.”

“ఆ ఎండలోనా?”

“ఆ ఎండలోనే.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “అయితే ఇన్నాళ్లూ చెడిపోయిన మందు పొడుచుకున్నారన్నమాట!”

“ఫ్రిజ్‌లో పెడితే నేనేమన్నా కూరలో వేసేదాన్నా?” అంది భార్య.

“కోత సంగతి ఇప్పుడొద్దు,” అంది డాక్టరమ్మ. “మంచి సూదులతో మూడు నెలలు చూద్దాం. మచ్చకట్టిన చోటు మందుకు మెత్తబడకపోవచ్చు, అది అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు దాచకుండా చెప్పండి, రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు?”

అతని చెవులు భగభగమన్నాయి. కాసేపు బయట కూర్చోమని భార్యతో అనబోయాడు. ఆమె కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“పద్నాలుగు,” అన్నాడు తల ఎత్తకుండా. “రాత్రిళ్లు వేరే.”