గాసి జీపు ఫోటో

అరకు సంతకి జనాన్ని తిప్పే గాసి పోయిన వానాకాలంలో జ్వరంతో చనిపోయాడు. అప్పటి నుంచి అతని పాత జీపు ఇంటి ముందే ఉండిపోయింది. నడుపుకుంటామని ఎవరూ కొనకపోవడంతో, చివరికి భార్య కృపావతి దాన్ని పాత ఇనుముకి ఇవ్వడానికి ఒప్పుకుంది. లారీ వచ్చేలోపు ఒక్క మంచి ఫోటో అయినా తీసుకోవాలనుకుంది.

మిట్టమధ్యాహ్నం ఫోనుతో తీస్తే అద్దం తెల్లగా మెరిసి, జీపు నేలకి అణిగిపోయినట్టు వచ్చింది. ఎన్నిసార్లు తీసినా అంతే. వ్యూపాయింట్ దగ్గర టూరిస్టులకి ఫోటోలు తీసే నవీన్‌ని అడిగింది.

"ఎండలో తీత్తే అలాగే వత్తాది పిన్నీ. తెల్లారగట్ల తియ్యి. నిలబడి కాదు, కూకొని లైట్ల ఎత్తున ఫోను పెట్టు. వెనకాల బట్టలూ బకెట్లూ కనబడకుండా సూసుకో."

మర్నాడు ఆమె జీపు కడిగింది. తీగ మీది బట్టలు తీసేసింది. మంచు విడవకముందే తడి నేల మీద కూర్చుని తీసింది. ఈసారి జీపు కొండ ముందు ఠీవిగా నిలబడింది.

"శానా బాగొచ్చింది పిన్నీ," అన్నాడు నవీన్, ఆమె చూపించిన ఫోటో చూసి.

"ముందు తీసినవాట్లో అద్దం మెరిసి లోపల కనబడేది కాదు," అంది కృపావతి. "ఇందులో సీటు ఖాళీ అని తెలిసిపోతంది."



మధ్యాహ్నం లారీ వచ్చి జీపుని ఎక్కించుకుపోయింది. కృపావతి గుమ్మంలోంచి లేవలేదు. సాయంత్రం చెల్లెలు బేబి వచ్చి ఫోటో చూపించమంటే ఫోను ఆమె చేతికిచ్చింది.

"నీ ఫోనులోకి పంపుకుని, నా దాంట్లోంచి తీసెయ్యే. నేను సూడలేను."