వెనకద్దం మీద రాసుండాది

రెండేళ్ల కిందట మా బావ కారును నడిరోడ్డు మీద చంపింది మెకానిక్ మస్తానన్న కాదు, నేను. ఈ ముక్క ఆరోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, తీరిగ్గా నవ్వుకోండి.

రాప్తాడులో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. గెలిచిన నాయకులకూ, ఓడినా ఒప్పుకోని నాయకులకూ నిలువెత్తు బొమ్మలు అచ్చేస్తాను. ఒకరోజు పేపర్లో 'ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లు' అని చదివాను. పెట్రోలే కాదు, చెరకు నుంచీ మొక్కజొన్న నుంచీ తీసిన ఇథనాల్ తాగి కూడా నడుస్తాయట. ఫ్లెక్స్ అన్న మాట కనబడితే చాలు, అది నా శాఖే అనుకునే రోజులవి.

మా అక్క మొగుడు నాగరాజు బావ నన్ను ఏనాడూ మనిషిగా లెక్కేయలేదు. ఆరోజు పొట్టేళ్లు కొనడానికి మడకశిర పోతూ నన్నూ రమ్మన్నాడు. మస్తానన్న పొద్దున్నే కారు సర్వీసు చేసి నా దుకాణం ముందు నిలిపి పోయాడు. బావ వచ్చేలోపు నా మేధస్సు నిరూపించాలి కదా! పక్క దుకాణం వడ్రంగి ఓబులేసు దగ్గర స్పిరిట్ డబ్బా అడిగాను.

"శీనన్నా, ఇది తలుపులకు పాలిష్ పెట్టేది. బండికెందుకు?"

"స్పిరిట్ అంటే ఇథనాలేప్పా. ఫ్లెక్స్ బండి ఏం పోసినా తాగుతాది."

"ఇది ఫ్లెక్స్ బండేనా?"

"వెనకద్దం చూడు, రాసుండాది!"

రాసి ఉన్న మాట నిజమే. 'శీనా ఫ్లెక్స్, రాప్తాడు' అని. ప్రచారం కోసం అతికించింది నేనే.

డబ్బా మొత్తం ట్యాంకులో వంచాను. మడకశిర దారిలో కారు ముందు దగ్గింది, తర్వాత ఎక్కిళ్లు పెట్టింది, ఆఖరికి అలిగిన పెళ్లికొడుకులా కూర్చుండిపోయింది. మమ్మల్ని దాటిపోయిన గొర్రెల మంద మర్యాదకైనా వెనక్కి చూడలేదు.

"ఏందిరా శీనా, కొత్త తలుపు వాసన వస్తాండాది?"

"ఏమో బావా."

"పొద్దున ముట్టుకున్నోడు మస్తాన్‌గాడే. వాడే ఏదో చేసినాడు."

'కాదు బావా' అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను గొర్రెల్ని చూస్తూ నిలబడ్డాను.

బావ ఊరంతా చాటాడు. ఎప్పుడూ నాలుగు బండ్లు వరసలో ఉండే షెడ్డులో మస్తానన్న ఒక్కడే కూర్చుని టీ తాగేవాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఎదురుగోడ మీది ఫ్లెక్సీలు చదువుతున్నట్టు తల తిప్పుకునేవాణ్ణి. అన్నీ నేను అచ్చేసినవే.

రెండేళ్లకు ధైర్యం వచ్చింది. నోరు పెగలకపోతేనేం, మిషన్ ఉంది కదా! పది అడుగుల ఫ్లెక్సీ అచ్చేసి తెల్లవారేసరికి షెడ్డు మీద కట్టేశాను. పైన పెద్ద అక్షరాలు: 'నాగరాజు కారు చెడింది. తప్పు నాది. క్షమించండి.' అలవాటు కొద్దీ కింద చేతులు జోడించిన మస్తానన్న ఫొటో.

మధ్యాహ్నానికి మస్తానన్న నా దుకాణంలో ఉన్నాడు.

"ఏమప్పా శీనా, నా మీద ఏం పగ నీకు? రెండేండ్లు మీ బావ ఒక్కడే తిట్టినాడు. ఇప్పుడు నేనే ఒప్పుకున్నట్టు పదడుగుల్లో కొట్టినావే!"

"అయ్యో అన్నా, తప్పు నాది అంటే... నీది కాదు, నాది! స్పిరిట్ పోసింది నేను."

మస్తానన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఈ మాట చెప్పేదానికి నోరు చాలదా? మీ బావకు ఫోన్ చెయ్. నా ముందరే."

చేశాను. చెప్పాను. అవతల నుంచి బావ గొంతు: "అదీ! తలుపు వాసనని నేను అప్పుడే అన్లా?" సాయంత్రానికి ఆయనే కారు తెచ్చి మస్తానన్న షెడ్డులో పెట్టాడు. నాతో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

ఇకమీదట ఏ బండి నోట్లోనూ ఏమీ పోయనని నా ప్రింటింగ్ మిషన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. షెడ్డు మీద కొత్త ఫ్లెక్సీ కూడా కట్టాను. మస్తానన్నా, చూసే ఉంటావు. తప్పు నాది. ఈసారి ఫొటో కూడా నాదే.